లిడియా వంతు వచ్చినప్పుడు

పొయ్యి మీద చాయ మరుగుతుండగానే రిబ్కమ్మ చాప పరిచి బైబిలు తెరిచింది. పెద్దపల్లిలోని ఆ చిన్న ఇంట్లో ఏ పని ఆగినా పొద్దుటి ప్రార్థన ఆగదు. వాక్యం చదివాక ఒక్కొక్కరు తమ విన్నపం చెప్పాలి. అన్నీ కలిపి రిబ్కమ్మ దేవునికి అప్పజెబుతుంది. కొడుకు జాన్సన్ తల వంచుకుని, పని దొరకాలన్నాడు. నాలుగేళ్ళ మనవరాలు ఆరాధన నానమ్మ ఒడిలోంచి కోడిపిల్లల్ని పిల్లి ఎత్తుకుపోవద్దంది. కోడలు లిడియా వంతు వచ్చింది.

"నాకేం లేదత్తమ్మా."

"మంచిదేనాయె. నీ నోటికి బలమెక్కువ. ఏదన్న అడిగితె అయిపోతది," అంటూ రిబ్కమ్మ కళ్ళు మూసుకుంది.

రెండు నెలలుగా లిడియా ఈ మాట తింటూనే ఉంది. తిన్నది అరగడం లేదు.

జాన్సన్ విత్తనాల కంపెనీ మనిషి. విత్తన వరి పండించడం అందరికీ చేతకాదు. మగ నారు ఒక రోజు, ఆడ నారు ఇంకో రోజు, రెండూ ఒకేసారి పూతకు వచ్చేలా లెక్క చూసి పోయాలి. పూత మీదికి వచ్చాక మడికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు నిలబడి తాడు లాగి పుప్పొడి రాల్చాలి. యజమాని సదానందం సేటు నేపాల్‌లో, జనక్‌పూర్ దిక్కు రైతులతో ఈ పంట మొదలుపెట్టినప్పుడు, వాళ్ళకు నేర్పడానికి జాన్సన్‌ను పంపాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. అలా నాలుగేళ్ళు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆరాధన అతని బ్యాగు తెచ్చి ముందు పెట్టి, "మీ ఇంటికి ఎప్పుడు పోతవ్?" అని అడిగింది. అందరూ నవ్వారు. లిడియా మాత్రం వంటింట్లోకి పోయి నిలబడింది.

డిసెంబరు మొదట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో ఆ మాటే చెప్పింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల, పది మందిలో నోరు విప్పనిది, ఆ రోజు ఎట్లా లేచిందో లేచింది. తన భర్తకు ఇంటి దగ్గర పని దొరకాలని ప్రార్థన చేయమంది. కొందరు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ కూటానికి వచ్చే రమ అదే కంపెనీ గోదాములో గింజలు ఏరుతుంది.

క్రిస్మస్‌కు వచ్చిన జాన్సన్‌ను సేటు పిలిచాడు. నేపాల్‌లో అక్కడి మనిషినే ఒకన్ని ఉద్యోగంలో పెట్టుకున్నామని, ఇక పోనక్కర లేదని చెప్పాడు. "మీ ఇంటామె కూటంల ఏడ్సిందట గద, పిల్ల నిన్ను గుర్తు పడ్తలేదని. ఇంటికాడ ఉండు జాన్సన్," అన్నాడట. ఇంటి దగ్గర ఉద్యోగం మాత్రం చూపలేదు. పని ఉన్ననాడు గోదాములో బస్తాలు మోయడమే. గుడిలో ఒకామె, ప్రార్థన నెరవేరింది కదా, అందరి ముందు లేచి సాక్ష్యం చెప్పమని లిడియాను అడిగింది కూడా. ఆ రోజు నుంచి రిబ్కమ్మ నోట ఒకటే మాట. కొడుకు కూడు తీసింది కోడలి నోరేనని. జాన్సన్ అవునని అనలేదు, కాదని అనలేదు. పొలాల్లో తొడిగిన రబ్బరు బూట్లు కడిగి గోడకు తగిలించి, వాటి కిందే కూర్చునేవాడు.

ఆ పొద్దు అతను గోదాముకు పోయాక, చార్జింగుకు పెట్టిన అతని ఫోను మోగింది. వీడియో కాల్. లిడియా ఎత్తేసరికి మఫ్లరు చుట్టుకున్న ఒక మనిషి, వెనక పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న అతని భార్య. తాను జనక్‌పూర్ నుంచి దినేశ్ మహతోనని, సార్ లేడా అని హిందీలో అడిగాడు. అక్కడ చలికి మగ నారు ఎర్రబడుతోందట, ఆడ నారు ఎన్ని రోజులు ఆగి పోయాలో సార్ చెప్పాలట. సార్ రోజూ చెబుతూనే ఉన్నాడట. తర్వాత, మనసులో ఉన్నదంతా ఒక్కసారి బయట పెట్టాలన్నట్టు, దండం పెట్టాడు. దసరాకు ముందు ఈ ఉద్యోగానికి నలుగురు వస్తే సార్ తననే ఎంపిక చేశాడని, పంట కోసేదాకా పక్కన ఉండి పని నేర్పాడని, తాను రోజూ సొంత ఇంట్లో అన్నం తింటున్నాడంటే అది సార్ పుణ్యమేనని చెప్పాడు.

ఫోను పెట్టేశాక లిడియా చేతివేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టింది. దినేశ్‌ను ఎంపిక చేసింది దసరా ముందు. కూటం క్రిస్మస్ ముందు. మళ్ళీ లెక్కపెట్టింది.

మధ్యాహ్నం జాన్సన్ వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. రిబ్కమ్మ గడపలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. లిడియా అన్నం పెట్టలేదు. దినేశ్ ఫోన్ చేశాడని చెప్పి, అతను చెప్పిందంతా అత్త ముందే చెప్పింది. జాన్సన్ తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"ఇది నిజమేనారా?" అంది రిబ్కమ్మ.

"నిజమే అవ్వ. సేటే చూడుమన్నడు, ఆడి మనిషిని ఒకన్ని. వానికి రూము కిరాయి లేదు, రైలు టికెట్ లేదు, భాష వానిదే. నేనే పెట్టిన. వాని మీద సేటు నన్ను పెద్దగ ఉంచుతడనుకున్న."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?" అంది లిడియా.

జాన్సన్ తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. "దేవుడు తీసిండంటే జర ఇజ్జత్ ఉంటది లిడియా. సేటు తీసిండంటే ఏముంటది? నా చేతులతోని నేనే తీసుకున్ననంటే ఇంకేముంటది?"

"గా ఇజ్జత్ నా నెత్తి మీద నిలబెట్టుకున్నవ్."

లిడియా గొంతు పెంచలేదు. అత్త వైపు తిరిగింది.

"మొన్న పిల్ల మూడు దినాలు జరంల పడ్డది గద అత్తమ్మా. మీరందరు ప్రార్థన చేసిండ్రు. నేను చెయ్యలే. తగ్గియ్యమని నేనడిగితె ఇంకేమైతదో అని, నోట్ల కొంగు కుక్కుకొని కూసున్న. కన్న తల్లిని. దేవునికి భయపడి బిడ్డను అడుక్కోలే."

రిబ్కమ్మ ఒడిలోని చిక్కుడుకాయలు కింద పడ్డాయి. ఆమె ఏరుకోలేదు. జాన్సన్ గోడకు ఆనుకుని, బూట్ల కింద కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. లిడియా దగ్గరికి పోలేదు. కొంతసేపటికి లేచి అతనికి అన్నం పెట్టింది.

తెల్లవారి గోడ మీద బూట్లు లేవు. జాన్సన్ వాటిని మూట కట్టి అటక మీద పెట్టాడు. ప్రార్థనకు కూర్చున్నప్పుడు, అడగకముందే, ఆదివారం గుడిలో లేచి నిలబడి నిజం చెబుతానన్నాడు. రిబ్కమ్మ తల ఊపింది. కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. పెళ్ళయి వచ్చాక అలా వేయడం అదే మొదలు.

"నీ విన్నపం చెప్పు బిడ్డా."

లిడియా పక్కనున్న కూతుర్ని చూసింది. ఎన్నో అడగాలని ఉంది. తన ఇంటి కోసం ఏదైనా అడగడానికి ఆమెకు ఇంకా భయంగానే ఉంది.

"ఆడ చలెక్కువుందట," అంది చివరికి. "గా దినేశ్ నారు సచ్చిపోవద్దు. వాని పని పోవద్దు."

రిబ్కమ్మ ప్రార్థన చేసింది. ఆమేన్ అనాల్సిన చోట జాన్సన్ తువ్వాలలో ముఖం దాచుకున్నాడు. ఆరాధన ఒక్కతే గట్టిగా అంది.