గని చీలిక దగ్గర తెల్ల గుర్తు

పలకరాతి గని చీలిక దగ్గర పొద్దుగూకాక ఎవరూ ఆగరు. ఓబెర్‌హాగ్ ఊరి నుంచి లాన్ నదికి దిగే అడవి బాటలో ఇంకెక్కడైనా కూర్చోండి, రొట్టె తినండి, పాటలు పాడుకోండి. అక్కడ మాత్రం వద్దు.

నది వైపు నుంచి ఎక్కివస్తే అక్కడ బాట రెండుగా చీలుతుంది. కుడి దారి ఊళ్ళోకి. ఎడమ దారి లోతైన గని గుంట అంచుకి, అంతే... అక్కడితో సరి. ఎడమ దారి మొదట్లో బూడిద రంగు బెరడున్న ఒక పాత బీచ్ చెట్టుంది. ఎండాకాలమంతా దాని బెరడు బోసిగానే ఉంటుంది. నవంబరులో ఆకులు రాలి, వానలు పట్టి, మంచు కమ్మిన సాయంత్రాల్లో — ఆ బెరడు మీద తెల్ల గుర్తు లేస్తుంది. ఇటు రమ్మని.

దాంతోపాటు చప్పుడు. గర్... గర్... ఎవరో ఇనుప బ్రష్షుతో చెట్టును గీకుతున్నట్టు.

"ఓట్మారే," అంటారు ఊళ్ళోవాళ్ళు గొంతు తగ్గించి. "బతికుండగా ఒకామెను చంపాడు. చచ్చినా బ్రష్షు వదల్లేదు."

ఓట్మార్ నడక సంఘం తరఫున ముప్ఫై ఏళ్ళు బాటలకు గుర్తులు వేసిన మనిషి. జీతం భత్యం లేని పని. ఏటా రంగు డబ్బా పట్టుకుని నలభై కిలోమీటర్ల అడవి తిరిగి, చెట్ల మీద మాసిపోయిన తెల్ల గుర్తులు మళ్ళీ దిద్దాలి. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక సాయంత్రం, గీసెన్ పట్నం నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ నది వైపు నుంచి ఒంటరిగా ఎక్కుతూ, ఆ బీచ్ చెట్టు మీది గుర్తును నమ్మి ఎడమకు తిరిగింది. మర్నాడు గని అడుగున శవమై దొరికింది.

ఆ ఏడు ఆ బాట దిద్దింది తానేనని ఓట్మార్ సంఘం పుస్తకంలో సంతకం చేశాడు. పని ఊడింది. ఊరు అతనితో మాట్లాడటం మానేసింది. రెండేళ్ళు కిటికీ పక్కన కూర్చుని కూర్చుని పోయాడు.

అతని పని బుర్కార్ట్‌కి వచ్చింది. ఓట్మార్ దగ్గరే నేర్చుకున్నవాడు, నెమ్మదస్తుడు, పిలిస్తే పలికేవాడు. ఒక్కటే చిత్రం. నది నుంచి ఊరికెక్కే ఆ మూడు కిలోమీటర్లూ కిందినుంచి పైకి దిద్దే పని మాత్రం ఏటా ఎవరో ఒకరి మీదికి తోసేసేవాడు. మోకాలు నొప్పనేవాడు.

ఆ గురువారం ఊరి హోటల్లో సంఘం కూర్చుంది. శనివారం పొద్దున పదింటికి చీలిక దగ్గర కొత్త బోర్డు పెడుతున్నారు. 'ఓట్మార్ దెయ్యం మలుపు' — కింద బ్రష్షు పట్టుకున్న ముసలాడి బొమ్మ, వాడి కథ. ఓట్మార్ భార్య రోస్విత వద్దని ఉత్తరం రాసింది. చదివి పక్కన పెట్టారు. కొత్త కంచె వేయాలని, గని అంచున టీచరమ్మ పోయాక వేసిన పాత కంచెను అప్పుడే పీకేశారు కూడా.

"ఏమోయ్ బుర్కార్ట్," అన్నాడు సంఘం అధ్యక్షుడు ఏవాల్ట్, మీసాల మీద బీరు నురగ తుడుచుకుంటూ. "ఓట్మార్ ఉన్నన్నాళ్ళూ ఒక్కడికి బీరు తాగించిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడు, బస్సులకు బస్సులు జనాన్ని తోలుకొస్తున్నాడు."

అందరూ నవ్వారు.

"నీకెప్పుడూ కనబడలేదా, ఆ దెయ్యం?"

"లేదు."

"ఇన్నేళ్ళూ ఆ అడవిలోనే తిరుగుతావు. ఒక్కసారి కూడా?"

"లేదన్నాగా."

గ్లాసుల మీంచి అందరూ అతని మొహమే చూస్తూ కూర్చున్నారు. బుర్కార్ట్ తొందరగా లేచి వచ్చేశాడు.

మర్నాడు పన్ను పీకించుకోవడానికి నది ఒడ్డున ఉన్న పట్నానికి వెళ్ళాడు. తిరిగి బస్సు దగ్గరికొచ్చేసరికి పైకెళ్ళే ఆఖరిది పోయింది. నాలుగున్నరకే చీకటి ముసురుకుంటోంది. బుగ్గ వాచి, నోరు మొద్దుబారి ఉంది. గంట నడక, అంతే కదా అనుకుని అడవి బాట పట్టాడు — పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, కింది వైపు నుంచి.

పొగమంచు చెట్ల మధ్య పాల మీగడలా చిక్కబడింది. టార్చి వెలుగు నాలుగడుగులు పోయి ఆగిపోతోంది. కాళ్ళ కింద తడి ఆకులు. ఒక గుర్తు... ఇంకో గుర్తు... వాటిని పట్టుకుని ఎక్కుతున్నాడు.

ఎక్కుతున్నకొద్దీ, తలుచుకోకూడదనుకున్నదే తలపుకొచ్చింది.

గుర్తులు వేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. బాటను రెండుసార్లు నడవాలి. వెళ్ళేటప్పుడు వెళ్ళేవాళ్ళ కోసం, వచ్చేటప్పుడు వచ్చేవాళ్ళ కోసం. మెడ తిప్పి వెనక్కి చూస్తూ ఎప్పుడూ గుర్తు వేయకూడదు. ఎందుకంటే ఏ చెట్టు ఏ దారిదో ఎదురొచ్చే మనిషి కంటికే తెలుస్తుంది. ఓట్మార్ మొదటి రోజే చెప్పిన మాట అది.

ఆ ఏడు అక్టోబరులో ఓట్మార్ జ్వరంతో మంచాన పడ్డాడు. ఈ బాటకు బుర్కార్ట్ ఒక్కడే వచ్చాడు. వాన. ఇంటికి తొందరగా పోవాలి, భార్యకు రెండో కాన్పయి వారం. రెండుసార్లు నడిచే ఓపిక లేక, దిగుతూనే మెడ తిప్పి తిప్పి అటువైపు గుర్తులు కూడా వేసేశాడు. దిగేవాడి కంటికి ఆ బీచ్ చెట్టు ఊరి దారి పక్కనే ఉన్నట్టుంటుంది. ఎక్కేవాడికి అది గని దారి మీద ఉంటుంది.

ఆ గుర్తు తనది. ఓట్మార్ సంతకం చేస్తుంటే పక్కనే నిలబడి నోరు మెదపలేదు. రేపు ఆ ముసలాడి పేరును దెయ్యం కింద బోర్డుకెక్కిస్తారు. ఆపగలిగిన మనిషి తనొక్కడే.

ముందర ఇంకో గుర్తు కనబడింది. తెల్లగా, తడిగా. చీలిక ఇంకా పైన ఎక్కడో ఉందనుకున్నాడు. గుర్తు దాటి నడిచాడు. పది అడుగులు... ఇరవై...

గర్... గర్...

చప్పుడు వెనకనుంచి. వెనక్కి చూడలేదు. అడుగు పెద్దది చేశాడు. బూటు తగిలి ఒక రాయి దొర్లింది.

దొర్లిన రాయి చప్పుడు ఆగిపోయింది... చాలాసేపటికి, ఎక్కడో అడుగున, నీళ్ళలో పడ్డట్టు వినిపించింది.

"కదలకు," అంది వెనకనుంచి ఒక గొంతు. "ఎవరైనా సరే, ఉన్నచోటే ఉండు."

లాంతరు దగ్గరికొచ్చింది. ఒక చెయ్యి అతని కోటు పట్టుకుని వెనక్కి లాగింది. డెబ్భై దాటిన చెయ్యి, దాని నిండా బూడిద రంగు మరకలు. రోస్విత.

"నువ్వా," అంది. ఆ గొంతులో ఆశ్చర్యమూ లేదు, జాలీ లేదు.

బుర్కార్ట్ అంచు నుంచి వెనక్కి జరిగాడు. "మీరు... ఇక్కడ..."

"నీ గుర్తే. ఆమె పడిపోయాక నువ్వు బూడిద రంగు పూసి కప్పేశావు కదా. ఏటా వానలకు ఆ పూత రాలిపోతుంది, కింద తెల్లది బయటపడుతుంది. ఏటా వచ్చి గీకి మళ్ళీ పూస్తాను. ఈ ఏడు ఒళ్ళు బాగోక ఆలస్యమైంది, ఇప్పుడే వచ్చాను."

"మీరు... అందరూ దెయ్యమంటున్నారు."

"అననీ. దెయ్యమనుకుంటే ఎడమకు పోరు."

చెట్టు దగ్గరికి వెళ్ళి మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. బుర్కార్ట్ లాంతరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పన్ను పీకిన చోట రక్తం ఉప్పగా తగిలింది.

"ఓట్మార్ నన్ను తిట్టుకున్నాడా?"

"లేదు. నీకు చంటిపిల్లలున్నారన్నాడు. నువ్వే వచ్చి చెబుతావన్నాడు. రెండేళ్ళు కిటికీలోంచి గేటు చూశాడు. నువ్వు వీధి దాటి అవతలి పక్కన పోయేవాడివి."

"రేపు చెబుతాను. అందరి ముందూ. ఆ బోర్డు పెట్టనివ్వను, రోస్విత గారూ."

ఆవిడ బ్రష్షు ఆపకుండానే, "చెప్పు. నేనూ ఒకసారి చెప్పి చూశాను," అంది.

ఎవరికి అని అతను అడగలేదు.

రాత్రంతా నిద్రపోలేదు. శనివారం పదింటికి చీలిక దగ్గర నలభై మంది దాకా ఉన్నారు. పెనం మీద సాసేజీలు వేగుతున్నాయి, ఎవరో అకార్డియన్ సరిచేసుకుంటున్నారు. రోస్విత రాలేదు. బోర్డును రెండు గుంజల మధ్యకు ఎత్తుతుండగా బుర్కార్ట్ ముందుకొచ్చాడు. వాచిన బుగ్గతోనే మొత్తం చెప్పాడు. జ్వరం, వాన, మెడ తిప్పి వేసిన గుర్తు, సంతకం. "ఓట్మార్ ఏ పాపమూ ఎరగడు. ఆమెను చంపింది నేను," అన్నాడు.

చెప్పేసి, రాళ్ళు పడతాయన్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

ఒక్క రాయీ పడలేదు. తలెత్తి చూశాడు. ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు. పెనం దగ్గరావిడ సాసేజీని రెండో వైపుకు తిప్పింది.

"తెలుసులేవోయ్," అన్నాడు ఏవాల్ట్ మెల్లగా. "ఓట్మార్‌ని పూడ్చిన రోజున, అందరం కాఫీకి కూర్చున్నప్పుడు రోస్విత చెప్పింది."

"ఎవరికి?"

"అందరికీ."

"మరి... ఇన్నేళ్ళూ..."

"ఏం చెయ్యమంటావు? ఆయన ఎలాగూ పోయాడు. నిన్నూ వెళ్ళగొడితే, నలభై కిలోమీటర్లు ఊరికే దిద్దిపెట్టేవాడు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు?" ఏవాల్ట్ అతని భుజం తట్టి బోర్డు వైపు చూపించాడు. "ఆ మూల కాస్త ఎత్తి పట్టు. వంకరగా ఉంది."

బుర్కార్ట్ చుట్టూ చూశాడు. అందరూ అతని కోసమే ఎదురుచూస్తున్నారు, చల్లారిపోతున్న సాసేజీల ముందు, ఓపిగ్గా.

వెళ్ళి ఆ మూల ఎత్తి పట్టాడు.