గళ్ల కాగితం మీద చుక్క

మా వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక గళ్ల కాగితం అంటించి ఉంటుంది. మధ్యలో నల్లచుక్క. రోజూ కాఫీకి ముందు ఒక కన్ను మూసుకుని ఆ చుక్కను చూడాలి. గీతలు కొత్తగా వంకరపోతే డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలి. నాకు రెండేళ్లుగా చుక్కే కనపడదు. వయసుతో రెండు కళ్లలోనూ నట్టనడుమ చూపు పోయి, బూడిదరంగు మరక మిగిలింది. అంచులు బాగానే ఉన్నాయి. అందుకే ఏదైనా పక్కచూపుతో చూస్తాను. మరిచిపోతానేమోనని ఇవన్నీ లావు కలంతో రాసిపెట్టుకుంటాను.

చూపు పోయినచోట కొందరికి లేని మనుషులు కనిపిస్తారనీ, అది మతి తప్పడం కాదనీ, చూపు పక్కకి తిప్పితే పోతారనీ డాక్టరమ్మ చెప్పింది. అదీ రాసుకున్నాను.

నవంబరు నుంచి ఎదుటి కుర్చీలో బూడిదరంగు కోటు వేసుకున్న ఒకామె కూర్చుంటోంది. సూటిగా చూస్తేనే కనిపిస్తుంది. పలచని కనుబొమలు, పెదవి పైన పుట్టుమచ్చ... రెండేళ్లలో నేను స్పష్టంగా చూసిన ముఖం అదొక్కటే. పక్కకి చూస్తే కుర్చీ ఖాళీ.

ఎవరికీ చెప్పలేదు. మా చెల్లెలు మేవిస్ అప్పటికే నాకోసం వృద్ధాశ్రమంలో గది చూసిపెట్టింది. నేను ఒక్కమాట తేడాగా మాట్లాడితే చాలు, డులూత్ ఊళ్లో నాకీ ఇల్లు ఉండదు.

శనివారం పొద్దున మేవిస్ మంచులో కారు నడుపుకుంటూ వచ్చింది. ఆ కుర్చీలోనే కూర్చుంది. సూటిగా చూశాను. మేవిస్ గొంతు... ఆ కోటామె ముఖం. చూపు తిప్పుకున్నాను.

"ఆ దొంగచూపులేంటక్కా? నీ చెంచాలేం ఎత్తుకుపోనులే," అంది మేవిస్.

పక్కచూపులో మేవిస్ ఎర్ర స్వెటరు. దాని వెనక బూడిదరంగు కోటు. పోలేదు. మేవిస్ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది...

మేవిస్ ఆ భుజమే రుద్దుకుంది. "ఇక్కడ చలి కొడుతోంది. కిటికీ తీశావా?"

ఆ కిటికీ రంగు వేసినప్పుడు చట్రానికి అతుక్కుపోయింది. ఇరవై ఏళ్లుగా తెరుచుకోలేదు.

"తీశాను," అన్నాను.

మర్నాడు ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు. సూటిగా చూసినా లేరు. ఫ్రిజ్ దగ్గరికెళ్లి ఒక కన్ను మూసుకున్నాను. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. మధ్యలో, చిన్నగా, నల్లగా... చుక్క.

ఫోన్ మోగింది. మేవిస్. గుసగుసగా మాట్లాడుతోంది.

"అక్కా... నిన్న మీ ఇంట్లో ఉన్నది మనిద్దరమే కదూ?"

"ఇద్దరమే," అన్నాను, చుక్కనే చూస్తూ.