నీలం గేటు ఇల్లు

పొద్దున్నే ఇడ్లీ పాత్ర దించుతుండగా వీధిలో మోటారు సైకిలొకటి ఆగింది. "నీలం గేటూ!" అని ఎవడో అరిచి, హారన్ మోగించి వెళ్ళిపోయాడు. సరోజినీదేవి చేతులు వణికి వేడినీళ్ళు కాలిమీద చిందాయి. ఆ మంట ఆమెకు తెలియనే లేదు.

తిరువూరులో తమ ఇంటికి నీలం గేటుందని లోకానికి చాటింది ఎవరో ఆమె ఒక్కదానికే తెలుసు.

కూతురు అనూహ్య డిగ్రీ చదువుకుంటూ, మేడమీది గదిలో ఫోను ముందు కూర్చుని కొత్త సినిమాల గురించి మాట్లాడి వీడియోలు పెడుతుంది. ఒకప్పుడు ఈ ఊళ్ళో సినిమా జాతకం తేల్చింది ఆమె తండ్రి జగన్నాథరావు, ఆయన అభిమాన సంఘం. మార్నింగ్ షో వదిలాక టీ కొట్టు దగ్గర వాళ్ళేమంటే అదే మాట. ఇప్పుడా సంఘమూ లేదు, టీ కొట్టూ లేదు. పక్కూరు విస్సన్నపేట కుర్రాళ్ళు కూడా అనూహ్య ఏమందో చూశాకే టికెట్టు కొంటున్నారు. పోయిన వారం ఒక పెద్ద హీరో సినిమా బాగాలేదని ఆ పిల్ల మొహమాటం లేకుండా చెప్పేసింది. ఇక వీడియో కింద ఆ హీరో అభిమానుల బూతులే బూతులు.

పెళ్ళైన కొత్తలో మొగుడి సంఘంలోని అభిమానులు హాలు కుర్చీలు విరగ్గొట్టడం, అవతలి హీరో మనిషి తల పగలగొట్టడం కళ్ళారా చూసిన మనిషి సరోజిని. పిల్లకేమవుతుందోనని హడలిపోయింది. మానెయ్యమంటే వినే రకం కాదు. అందుకని దొంగపేరుతో ఖాతా తెరిచి వీడియో కింద రాసింది: 'తిరువూరులో నీలం గేటు ఇల్లు నాకు తెలుసు. నోరు మూసుకో.' బెదిరి ఊరుకుంటుందనుకుంది పిచ్చితల్లి.

తెల్లారేసరికి ఆ ముక్కను వేలమంది పట్టుకున్నారు. గాభరాగా చెరిపేసింది గానీ ఏం లాభం? అప్పటికే ఫొటోలు తీసి పంచేసుకున్నారు. ఎవడో దానికి డప్పు చేర్చి పాట కూడా కట్టాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు.

"అమ్మా, తలుపేసెయ్." అనూహ్య మెట్లమీదే ఆగిపోయింది. కళ్ళు వాచి ఉన్నాయి.

జగన్నాథరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "పద అమ్మలూ, స్టేషన్‌కెళ్దాం. మొదట రాసినోడెవడో వాళ్ళే పట్టుకుంటారు."

"వద్దండీ!" సరోజిని గొంతు కీచుగా వచ్చింది. "ఆ వీడియో తీసేస్తే పోద్దిగా."

"తియ్యను," అంది అనూహ్య. "రాసింది మనకి తెలిసినవాళ్ళేనమ్మా. కొట్టుకెళ్తే ప్రతి మొహం చూసి వీడేనా అనిపిస్తోంది. పాలు పోసే అక్కమ్మ కొడుకుని చూసినా భయమే. నీ పక్కన పడుకుంటే తప్ప నిద్ర పట్టట్లేదు."

సరోజిని గోడ పట్టుకుంది.

"నేనేనమ్మా."

"ఏంటి నువ్వు?"

"అది రాసింది నేనే."

అనూహ్య ఒక అడుగు వెనక్కి వేసింది. బయటివాళ్ళను చూసినట్టే తల్లిని చూసింది. అన్నాళ్ళ భయమంతా ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు.

"నీకేమైనా మతి పోయిందా సరోజా?" అని అరిచాడు జగన్నాథరావు.

"మీ వాళ్ళు చేసినవన్నీ చూశాను గనకే చేశానండీ."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

వీధిలో మళ్ళీ హారన్ మోగింది. అనూహ్య ఉలిక్కిపడి ఒక్క ఉరుకున వచ్చి తల్లిని కరుచుకుంది. కోపం ఎక్కడికీ పోలేదు, ఒళ్ళంతా బిగుసుకునే ఉంది. అయినా భయమేస్తే పరిగెత్తడానికి ఆ పిల్లకు వేరే చోటు తెలియదు. సరోజిని భోరుమంది.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఫోను పట్రా. రాసింది నేనేనని నేనే చెబుతా."

"నిన్ను ఏకిపారేస్తారమ్మా."

"పారెయ్యనీ."

"భయం లేదా?"

"చచ్చేంత ఉంది."

మేడమీది గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అనూహ్య తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అసలు ఆ సినిమా చూశావా అమ్మా?"

"నాన్నతో వెళ్ళి చూశా. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం." సరోజిని ఫోను తనవైపు తిప్పుకుంది. "నిజం కాబట్టే అంత భయపడ్డానే."