కోస్గి అమృతమ్మ ప్లేటు

"పాట పోయింది సార్!" అంటూ పాలమూరులోని ఆ చిన్న ఆఫీసులోకి వచ్చిన పెద్దమనిషి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏ పాట, వేలంపాటా?" అన్నాడు లింగస్వామి. డిటెక్టివ్ రఘుపతికి అతను కుడిభుజం. నోరు మాత్రం ఎవరి అదుపులోనూ ఉండేది కాదు.

రఘుపతి అతన్ని కళ్లతోనే కసిరి, వచ్చినాయనకు మంచినీళ్లు ఇప్పించాడు.

ఆయన పేరు రామచంద్రం. కొల్లాపూర్‌లో మామిడితోటల ఆసామి. ఆలుబిడ్డలు లేరు. పాత గ్రామఫోన్లు, తొలిరోజుల లక్క పాటల ప్లేట్లు కూడబెట్టడమే ఆయన సంసారం.

"రజాకార్ల కంట పడకుండ దాచిన ప్లేటు, వాళ్లు పోయి మిలిట్రీ వచ్చినంక పోయింది. కోస్గి అమృతమ్మ పాట. ఆమె పాడిందే ఒక్కటి. గసొంటి ప్లేటు ఇంకెక్కడ లేదు. పెత్రమాస నాడు పెద్దల పేర్న బియ్యమిచ్చి వచ్చేసరికి మాయం! పాటల మిషన్లకు స్ప్రింగులేసే బక్కయ్య పనే. మాపటికి మిలిట్రీ క్యాంపుల చెప్పి పట్టిస్త."

లింగస్వామి నవ్వు ఆగిపోయింది. ఆ రోజుల్లో క్యాంపుకు పోయినవాడు దొంగో కాదో తేలేలోపే కమ్యూనిస్టు సంఘపోడన్న పేరు పడేది. ఆ పేరు పడ్డాక మనిషి మిగలడం కష్టం.

"ఒక్క పూట ఆగండి. మేం వస్తున్నం" అన్నాడు రఘుపతి.

కొల్లాపూర్‌లో ఆ గది తలుపు తీయగానే లింగస్వామికి గుబులు పుట్టింది. ఉమ్మెత్త పూలలా విచ్చుకున్న హారన్లు గోడల పొడుగునా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పలకరించే దిక్కులేని ఇంట్లో ఇన్ని నోళ్లు! ఒక్కటీ మాట్లాడటంలేదు.

"తాళం పగల్లేదు సార్. తాళం తెలిసినోడే తీసిండు" అన్నాడు, గుబులు దాచుకోవడానికి. తాళంచెవి బయట కొయ్యకే వేలాడుతోంది.

రఘుపతి అరల దగ్గర వంగాడు. ప్లేటు లేదు గాని దాని కాగితపు కవరు అక్కడే ఉంది. అర అంచున పసుపు మరక. చేతికందే దూరంలో ముల్లు బిగించే ఖరీదైన సౌండుబాక్సులు వరుసగా ఉన్నాయి. వాటి మీది దుమ్ము కూడా చెదరలేదు.

"ఆ ప్లేటు ఆఖరికి ఎప్పుడు వేసిండ్రు?"

"రెండేండ్లాయె. వేసినప్పుడల్లా ముల్లు ఇంత తింటది. అరుగుతదని ఆపిన. అంతకుముందు రోజూ పొద్దుగూకంగ వేస్తుంటి."

మొదట బక్కయ్యను పిలిచారు. గడప దాటకుండానే విరుచుకుపడ్డాడు. "నేను తీస్తే కవరు ఇడిశిపెడ్తనా సారూ? కవరు లేక గీతలు పడ్డ ప్లేటు ఎవడు కొంటడు? దొంగతనం జేసినా జర తెలివితోని జేస్త గద!"

"పెత్రమాసకు ఎవరి పేర్న బియ్యమిచ్చినవ్?" అడిగాడు రఘుపతి.

బక్కయ్య బిత్తరపోయాడు. "మా నాయిన పేర్న. పట్నంల ఫోటో దిగిండు. దానికే దండేసి దీపం పెట్టిన."

తర్వాత ఆ ఇంట్లో వంట, ఊడుపు చేసే నర్సింగమ్మ వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"మా అక్క పేర్న ఇచ్చిన. అమ్మ పోతే అక్కనే సాదింది."

"మీదే ఊరు?"

"కోస్గి."

"అక్క ఫోటో ఉన్నదా?"

"మా అసొంటోళ్లకు ఫోటోలెక్కడియి సారూ" అంది, నేల చూపులు చూస్తూ.

రఘుపతి అందరినీ ఆ గదిలోకే రమ్మన్నాడు.

"ఈ దొంగ అమ్ముకునే మనిషి కాదు. కాబట్టే సౌండుబాక్సులు ముట్టలేదు, కవరు పట్టుకుపోలేదు. పసుపు చేతులతో వచ్చిందంటే పూజ మధ్యలోంచి లేచి వచ్చింది. ఏ ప్లేటు ఏ అరలో ఉంటదో రోజూ గది ఊడ్చే మనిషికి తెలుసు. పెత్రమాసకు పోయినోళ్ల ఫోటో ముందు దీపం పెడతరు. పోయినోళ్ల మొహం మిగలకపోతే ఏం పెట్టాలె? గొంతు పెట్టుకుంటరు. నువ్వు చెప్పకపోతే బక్కయ్య క్యాంపుకు పోతడు నర్సింగమ్మా."

ఆమె బక్కయ్య వైపు చూసి నోరు విప్పింది.

"అమృతమ్మ మా అక్క. పట్నం తీస్కపోయి పాడిపిచ్చిండ్రు. ఆడనే రోగమొచ్చి పోయింది. పటేలా, నీ ఇంట్ల పనికి కుదిరిందే ఆ గొంతు ఇనొస్తదని. నువ్వేమో ఆపితివి. ఒక్క దినం పూజకు పెట్టి మల్ల తెచ్చిద్దామనుకున్న. ఎదురుంగ దీపం పెట్టిన. తెల్లారి చూస్తే అప్పడం లెక్క వంగింది. గట్ల ఎట్ల తెచ్చియ్యాలె?"

లక్క, అక్క, లెక్క. మూడు మాటలూ ప్రాస కట్టి లింగస్వామి నాలుక చివరికొచ్చాయి. బతుకులో మొదటిసారి మింగేశాడు.

ఆమె ఇంటికి పోయి ప్లేటు తెచ్చింది. పేరున్నచోట కుంకుమబొట్టు. ఒక అంచు అలలా లేచింది. రామచంద్రం దాన్ని రెండు చేతులా అందుకుని బక్కయ్యకిచ్చాడు.

"వెయ్ బక్కయ్యా."

"ముల్లు ఎగిరి పాటున్న గీతలన్ని ఖరాబైతయి పటేలా."

"కానియ్."

గరగరల్లోంచి ఒక ఆడగొంతు లేచింది. వంపు దగ్గర మునిగి, ఒక చరణం మింగి, అవతల తేలింది. ఆ గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. రామచంద్రం వంటింట్లోంచి పీట తెచ్చి దాని పక్కన వేశాడు. నర్సింగమ్మ ముందు జంకి, తర్వాత కూర్చుంది.

పాట అయిపోయింది. ఆమె లేవలేదు. రామచంద్రం మళ్లీ కీ తిప్పసాగాడు.