ఆదివారం మాయమైన పేర్లు

నర్సీపట్నంలో ప్రైవేటు డిటెక్టివ్‌కి పనేముంటుందని నవ్వేవాళ్ళు ఆ పొద్దున్న ప్రేమజ్యోతి ముఖం చూసుంటే నోరు మూసుకునేవారు. డిటెక్టివ్ జీవానందం గారు కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. అసిస్టెంటు కొండబాబుకి జాలేసి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"సాయంత్రం మీటింగులో నన్ను తీసేస్తారండి. పోలీసులకి కూడా చెప్తామంటన్నారు. నేనేటీ చెయ్యలేదండి."

"ఏం చేశావంటున్నారు?"

"పేర్లు దాచేసేనంటన్నారు."

సంగతి ఇది. ఆమె పనిచేసే ఆసుపత్రికి ఆ ఏడే, 1988లో, కంప్యూటర్ వచ్చింది. చుట్టుపక్కల రక్తం ఇస్తామన్నవాళ్ళ వివరాలన్నీ అందులో ఎక్కించింది ప్రేమజ్యోతే. మొన్న ఆదివారం ఆమె చర్చిలో ఉండగా, ఆఫీసు మేనేజరు దేవుళ్లు గారి కూతురు తలుపులమ్మకి కాన్పులో విపరీతంగా రక్తం పోయింది. బి నెగటివ్ కావాలి. దేవుళ్లు గారే కూర్చుని వెతికారు. ఒక్క పేరూ లేదంది కంప్యూటర్. విశాఖపట్నం పరుగెత్తించారు. బిడ్డ దక్కాడు. తల్లికి ఇంకా ప్రమాదం తప్పలేదు. మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలి, దానికీ రక్తం కావాలి.

"సోమవారం నేను వెతికితే మూడు పేర్లు వచ్చేయండి. ఏటికొప్పాక ఆయన వెళ్ళి ఇచ్చేరు. ఇంకొకాయన ఊళ్ళో లేరు."

"మూడోది?"

"నాదే. రక్తం ఇవ్వాల్సొస్తుందని నా పేరు దాచుకున్నానంట. ఇప్పుడు వెళ్తానంటే, నీ రక్తం మాకొద్దన్నారు దేవుళ్లు గారు." అంతవరకు ఆపుకున్న ఏడుపు అక్కడ వచ్చేసింది.

ఆదివారం లేని పేర్లు సోమవారం ఎక్కణ్ణించి వచ్చాయి? ఆసుపత్రిదాకా ముగ్గురూ నడిచి వెళ్తున్నంతసేపూ కొండబాబు బుర్ర గిర్రున తిరుగుతూనే ఉంది.

ఆసుపత్రిలో వాళ్ళకి గేటు చీటీలు రాసింది దేవుళ్లు గారే. రెండు రాత్రుల నిద్ర కళ్ళలో ఉంది, అక్షరం మాత్రం ముత్యంలా ఉంది. పేరూ, పనీ రాశాక, వాహనం నంబరు, తెచ్చిన సామాను అన్న గడుల్లో స్కేలు పెట్టి గీతలు కొట్టారు.

"నడిచొచ్చేం కదండీ, గీతెందుకు?" అన్నాడు కొండబాబు.

"ఖాళీ ఒగ్గేస్తే రేపెవడో ఏదో రాసీస్తాడు బాబూ. జన్మంతా తాలూకాఫీసులో చేసేను, నాకు తెల్దేటి?"

జీవానందం గారు ఆ చీటీ జేబులో పెట్టుకుని, "ఆదివారం మిషను బాగానే పనిచేసిందా?" అని అడిగారు.

"సేసింది. ముందు నా పేరే వెతికి సూసేను. వచ్చీసింది. నా పిల్లకి కావలసినవాళ్ళే రాలేదు."

"మీ పేరుకి ఏమేం నింపారు?"

"అన్నీ నింపేను. పేరు, ఊరు, గ్రూపు, వృత్తి. నా సంగతి నాకు తెల్దేటండి?"

"గది తాళాలు?"

"ఒకటి నా దగ్గర. రెండోది ఆ మహాతల్లి దగ్గర."

కొండబాబుకి అనుమానం వచ్చింది. ఇంత మంచిపిల్ల నిజంగానే ఆదివారం తీసేసి సోమవారం పెట్టేసిందా? జీవానందం గారు మాత్రం తాళాల సంగతి వదిలేసి ప్రేమజ్యోతి వైపు తిరిగారు. "వెతకడం ఆయనకి ఏమని నేర్పావమ్మా?"

"తెలిసినవి కొట్టండి, తెలియనివి ఒగ్గెయ్యండి అన్నానండి."

"అంతేగా," అన్నారాయన. ఆ అనడంలో ఏముందో కొండబాబుకి అంతుపట్టలేదు.

సాయంత్రం మీటింగుకి ఆసుపత్రి పెద్ద డాక్టర్ కరుణకుమారి గారు అందరినీ కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టారు. జీవానందం గారు దేవుళ్లు గారిని కుర్చీలోకి పిలిచి, "ఆదివారం ఎలా వెతికారో అచ్చం అలాగే వెతకండి," అన్నారు.

దేవుళ్లు గారు గ్రూపు గడిలో బి నెగటివ్ కొట్టారు. పేరు గడిలో గీత కొట్టారు. ఊరు గడిలో గీత. వృత్తి గడిలో గీత. మీట నొక్కారు. ఎవరూ లేరంది కంప్యూటర్.

"సూసేరా, మళ్ళీ దాచీసింది," అన్నారాయన.

"దాచలేదండి. మీరు చేపలు తెమ్మని మనిషిని సంతకి పంపారనుకోండి. ఏ చేపో చెప్పకపోతే దొరికింది తెస్తాడు. గీత అనే చేపే కావాలంటే ఉత్త సంచీతో వస్తాడు. ఈ ప్రోగ్రాం కూడా అంతే. నింపిన గడినల్లా ఒక షరతుగా తీసుకుని, అన్నిటినీ కలిపి వెతుకుతుంది. ఖాళీ గడి జోలికి పోదు. కానీ గీత కొడితే అది ఖాళీ కాదు. బి నెగటివ్ రక్తం ఉండి, పేరు గీత, ఊరు గీత, వృత్తి గీత అయిన మనిషి కావాలని అడిగారు మీరు."

"మరి ఈయన పేరెలా వచ్చిందండి?" కొండబాబు ఉండబట్టలేకపోయాడు.

"తన వివరాలు ఆయన అన్నీ నింపారు కదా. గీత కొట్టడానికి ఖాళీ ఎక్కడుంది?" జీవానందం గారు జేబులోంచి గేటు చీటీ తీసి బల్లమీద పెట్టారు.

దేవుళ్లు గారు గీతలు ఒక్కొక్కటే చెరిపారు. మీట నొక్కారు. మూడు పేర్లు వచ్చాయి. అన్నిటికన్నా పైన ప్రేమజ్యోతి.

"నా పిల్ల ప్రాణం మీదికి నేనే తెచ్చేను," అన్నారాయన. ఆ గొంతు విని కొండబాబు తల దించుకున్నాడు. "ఆనాడు చర్చి కాడికి కబురెట్టినా నువ్వొచ్చీదానివి. పైగా నీ రక్తం వద్దన్నాను, తల్లీ."

ప్రేమజ్యోతి అప్పటికే సంచీ భుజాన వేసుకుంది. "అవన్నీ తరవాతండి. నేనొస్తన్నానని విశాఖపట్నం బేగి ఫోను చేయించండి."

"నేనూ వస్తానమ్మా," అన్నారు దేవుళ్లు గారు.

డాక్టరు గారు ఫోను అందుకున్నారు. దేవుళ్లు గారు ప్రేమజ్యోతికి గేటు చీటీ రాశారు. తిరిగి వచ్చే వేళ అన్న గడి దగ్గర ఆయన చెయ్యి స్కేలు కోసం వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది. ఆ గడిని ఖాళీగానే వదిలేసి చీటీ ఆమె చేతికిచ్చారు.