పికప్ లేదమ్మా!

కొండ మీది ఆసుపత్రికి వెళ్లే ఎత్తురోడ్డులో, సరిగ్గా మూడో మలుపు దగ్గర, ఓ ఖాళీ ఇల్లుంది. దాని గేటు ముందు పూర్వం ఒకావిడ బండి కోసం చెయ్యెత్తి నిలబడి, ఎవరూ ఆపక, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ప్రాణం వదిలిందట. చీకటి పడ్డాక అటుగా వెళ్లే ఏ బండినీ ఆవిడ వదలదనీ, చప్పుడు లేకుండా వెనకసీట్లో కూర్చుంటుందనీ, ఆ బరువుకి బండి కొండెక్కలేదనీ చెప్పుకుంటారు.

ఏడాదిగా ఇది మరీ ముదిరింది. టాక్సీ స్టాండులో పన్నెండు బండ్లుంటే, పన్నెండూ ఆ మలుపులోనే మూలిగాయి.

డ్రైవర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మలుపు రాగానే అద్దం దించి, గేటు వైపు చూడకుండా, "పికప్ లేదమ్మా!" అని అరవాలి. ఎక్కించుకోవడం కుదరదు, ఏమీ అనుకోవద్దు — అని దాని భావం. ఆవిడ విన్నదో లేదో గానీ, బండి మాత్రం విన్నట్టే, ఇంజనుకి ఉన్న పికప్ కాస్తా పోగొట్టుకుని నత్తలా పాకేది.

చివరికి మీటింగు పెట్టి ఓటేశారు. చీకట్లో కొండెక్కేది లేదని పదకొండు మంది, ఎక్కి తీరాలని ఒక్కడు. అంటే దెయ్యాన్ని కూడా ప్రజాస్వామ్యబద్ధంగా గుర్తించారన్నమాట!

ఆ ఒక్కడు డ్రైవర్ల సంఘం కార్యదర్శి. టీ చల్లారినా తీర్మానం పెట్టేవాడు కాబట్టి వాడి పేరే తీర్మానం అయిపోయింది.

వాడి మంటకి కారణముంది. ఆసుపత్రిలో నర్సుగా చేసే వాడి అక్క, ఆ ఓటింగు పుణ్యమా అని, డ్యూటీ అయ్యాక చీకట్లో కాలినడకన కొండ దిగుతోంది. మొన్న గుంతలో కాలు మడతపడింది. ఇప్పుడు కుంటుతోంది.

"దెయ్యాలు లేవు! ఉన్నది భయం, ఆ భయం చాటున దాక్కున్న బద్ధకం!" అని స్టాండులో గొంతు చించుకున్నాడు తీర్మానం. "ఈ రాత్రి నేనెక్కుతా. అక్కని తీసుకొస్తా. తెస్తే రేపట్నుంచి అందరూ ఎక్కాలి!"

"తేలేకపోతే?" అన్నాడు పెద్ద డ్రైవరు.

"ఇక జన్మలో నోరెత్తను."

ఇంత మంచి అవకాశం స్టాండుకి ఎప్పుడూ రాలేదు. అందరూ సరేనన్నారు.

సాయంత్రమే తీర్మానం తన బండిని పిన్ని షెడ్డుకి తీసుకెళ్లాడు. పిన్ని చెయ్యి తిరిగిన మెకానిక్. ఆవిడకో నియమం ఉంది — బండి ముట్టుకునే ముందే కాళ్ల కింది మ్యాట్లు తీసి గోడకి ఆనించేస్తుంది. గ్రీజు కాళ్లతో వాటిని తొక్కదు. ఎయిర్ ఫిల్టర్ దులిపింది, ప్లగ్గులు తుడిచింది, పెట్రోలు ఫిల్టర్ మార్చింది, క్లచ్ జారుతోందేమో చూసింది. తనే స్టీరింగు పట్టుకుని ఓ చుట్టు కొట్టొచ్చింది. బండి బాణంలా దూసుకుపోయింది.

"దీనికేం రోగం లేదురా. ఉంటే గింటే నీకే ఉండాలి," అంటూ మ్యాట్లు మళ్లీ పరిచి ఇచ్చింది.

చీకటి పడింది. మొదటి మలుపు... రెండో మలుపు... మూడోది.

గేటు కనిపించింది. తీర్మానం అద్దం దించలేదు. "బండి లేదు పొమ్మని సాటి మనిషితో అనే నోరు కాదు నాది," అని పళ్లు కొరికాడు.

బండి మూలిగింది.

తొక్కాడు. ఇంకా తొక్కాడు. వేగం ముల్లు ఇరవై... పదిహేను... పది. వెనక నిజంగానే ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు — అద్దంలోకి చూద్దామంటే మెడ తిరగలేదు.

హ్యాండ్ బ్రేకు లాగి ఫోన్ చేశాడు.

"పిన్నీ..."

"గుసగుసలేంట్రా?"

"వింటుందేమోనని."

"ఎవరు? లేదన్నావుగా?"

"లేదు పిన్నీ... లేనిదే వింటోంది."

"సర్లే. యాక్సిలరేటర్ ఎంత తొక్కుతున్నావ్?"

"ప్రాణం పెట్టి."

"పెడల్ నేలకి తగిలిందా?"

మళ్లీ తొక్కాడు. తగల్లేదు... కింద ఏదో ఉంది. మెత్తగా. నొక్కుతుంటే తిరిగి పైకి తోస్తూ.

"పిన్నీ... కింద ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు..."

"చెయ్యి పెట్టి చూడు."

"నా చెయ్యా?"

"మరి నాదా?"

కళ్లు గట్టిగా మూసుకుని వంగాడు. చల్లగా, జిడ్డుగా, ముడతలు పడి... దొరికింది. పట్టుకుని లాగాడు.

ఫోన్ వెలుగులో చూస్తే — రబ్బరు మ్యాట్. వేలెడు మందం. దాని మీద ఎర్రటి అక్షరాలు: "ఆగేది లేదు!"

ఏడాది కిందట సంఘం తొలి వార్షికోత్సవానికి తనే రాయించి, తనే దగ్గరుండి పన్నెండు బండ్లలోనూ వేయించిన మ్యాట్. ముందుకి జరిగి పెడల్ కింద మడతపడి కూర్చుంది. చదును రోడ్డు మీద సగం తొక్కితే చాలు, తెలియదు. పూర్తిగా తొక్కాల్సిన మూడో మలుపు నిట్రెత్తులో మాత్రం నినాదం అడ్డం పడుతోంది. పిన్ని షెడ్డులో అది హాయిగా గోడకి ఆనుకుని ఉండేది, అందుకే అక్కడ బండికి రోగం దొరకలేదు.

"దెయ్యం దొరికింది పిన్నీ."

"ఎవర్రా?"

"నేనే."

మ్యాట్‌ని వెనకసీట్లోకి విసిరి తొక్కాడు. బండి ఎగిరిపోయింది. అక్క ముందుసీట్లో కూర్చుని, నొప్పి కాలు చాపుకుని, రెండు మాటలు వినేలోపే నిద్రపోయింది. దిగేటప్పుడు మూడో మలుపులో తీర్మానం పగలబడి నవ్వబోయాడు.

అప్పుడు... వెనకనుంచి, అలిసిపోయిన గొంతు ఒకటి —

"ఇప్పుడు పికప్ బాగుంది, బాబూ."

మర్నాడు సాయంత్రం స్టాండులో మ్యాట్లన్నీ పీకి పారేశారు. అందరూ కొండెక్కడానికి ఒప్పుకున్నారు. తీర్మానం మాత్రం ఇంకో తీర్మానం పెట్టాడు: మూడో మలుపులో ప్రతి బండీ ఆగి, ఒక్క నిమిషం వెనక తలుపు తీసి ఉంచాలి.

"దెయ్యాలు లేవన్నావుగా?" అన్నాడు పెద్ద డ్రైవరు.

"లేవు. కానీ రోడ్డు మీద నిలబడ్డవాళ్లెవర్నీ వదిలెయ్యకూడదు."

ఎదురు చెప్పే ఓపిక ఎవరికీ లేదు. తీర్మానంతో కలిపి పన్నెండు మందీ చేతులెత్తారు.

పెద్ద డ్రైవరు లెక్కపెట్టాడు. ఆగి, కళ్లు నులుముకుని, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు...

పదమూడు.