బర్కా జమ్మిచెట్టు కింది గొంతు

అరబ్బు దేశంలోని బర్కాలో ఖర్జూరం తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒంటరిగా ఒక చెట్టు ఉంది. అక్కడివాళ్లు దాన్ని గాఫ్ అంటారు. మన తెలంగాణవాళ్లు మాత్రం చూడగానే గుర్తుపట్టి జమ్మి అన్నారు. దసరాకు ఆకు తెంపుకునే అదే జమ్మి. పగలు దాని నీడలో కూర్చుని అన్నం తినేవాళ్లే, చీకటి పడితే అటు వైపు తల కూడా తిప్పరు.

ఎందుకంటే రాత్రిపూట ఆ చెట్టు కింద ఎవరినో కొడతారు.

కొట్టేవాడు కనపడడు. దెబ్బలు తినేవాడూ కనపడడు. ముందు దెబ్బ పడ్డ చప్పుడు… ఆ వెనక ఒక ఏడుపు… మళ్లీ దెబ్బ. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పనివాడొకడు అది విని జ్వరం తెచ్చుకున్నాడు. ఇక రాత్రి తోటకు నీళ్లు పెట్టడానికి పోనంటే పోనని తోట యజమాని అర్బాబు కాళ్లు పట్టుకున్నాడు.

అలా ఆ డ్యూటీ అదే తోటలో పనిచేసే భూమయ్య మీద పడింది. పడింది అనడం కూడా తప్పే, తానే అడిగి తీసుకున్నాడు.

"పిచ్చా నీకు?" అన్నాడు కిరాణా కొట్టు సమీయుల్లా. అతనిదీ భూమయ్యలాగే నిజామాబాద్ వైపు. "ఆ దెయ్యం ఏ భాషల ఏడుస్తదో ఎరుకేనా? తెలుగుల!"

"ఏడవనీ. దెయ్యం ఏం జేస్తది సమీ భాయ్? కొడ్తదా? సంపుతదా?" భూమయ్య నవ్వాడు, అది నవ్వు కాదు. "మా తమ్ముణ్ని సంపింది దెయ్యమా?"

ఆ సంగతి బర్కాలో తెలియని తెలుగువాడు లేడు.

భూమయ్య తమ్ముడు మల్లేశం ఊళ్లో మోటారు మెకానిక్. ఎవరి పొలంలోనో బోరు మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. బాగుచేసేది నువ్వే కాబట్టి దొంగిలించేదీ నువ్వేనని సాయంత్రం పోలీసులు స్టేషన్‌కు తీసుకుపోయారు. తన కాళ్ల మీద తను నడుచుకుంటూ వెళ్లాడు. తెల్లారి మోసుకొచ్చి ఇచ్చారు. గుండెపోటు అన్నారు. ఆ గుండెపోటు ఎంత గడుసుదో గానీ, వీపంతా వాతలు పెట్టి, అరికాళ్లు కమిలిపోయేదాకా కొట్టి మరీ వచ్చింది!

ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ఎస్సైని పక్కన పెట్టామన్నారు. విచారణ అన్నారు. జనం అలిసిపోయి ఇళ్లకు పోయేదాకా ఆగి, ఆ ఎస్సైనే సీఐని చేసి, అదే స్టేషన్ ఆవరణలో ఇంకా పెద్ద గదిలో కూర్చోబెట్టారు. అడిగితే సాక్షి లేడు అన్నారు. లాకప్‌లో సాక్షి ఎక్కణ్నుంచి ఊడిపడతాడు? తలుపేసుకునేది కొట్టేవాళ్లే, తీసేదీ వాళ్లే. సిగ్గుండాలి ఆ మాట అనడానికి.

భూమయ్యకు తమ్ముడి చావుకు పోవడానికి కుదరలేదు. పిట్టకు, అంటే కాకికి, పెట్టిన రోజు ఎవరో తీసి పంపిన వీడియోలో చూశాడు. విస్తరి విస్తరిలాగే ఉంది, ఒక్క కాకి కూడా వాలలేదు. బర్కా నిండా కాకులే. వాటిని చూసినప్పుడల్లా అతనికి కడుపు మండిపోయేది.

ఇంకొక మనిషి సంగతి కూడా చెప్పాలి. పక్క తోటలోకి కొత్తగా వచ్చినవాడు, పేరు సంజీవ్. మనవాడే. కానీ కొట్టు దగ్గర భూమయ్య కనపడితే చాలు, కొనాల్సింది కొనకుండానే జారుకునేవాడు. పలకరిస్తే అరిగిపోతాడు కాబోలు అని భూమయ్య తిట్టుకునేవాడు.

సరే… ఆ రాత్రి భూమయ్య పార తీసుకుని పంపు దగ్గరికి బయలుదేరాడు. చంద్రుడు లేడు. గాలి ఆగిపోయి ఉక్కపోస్తోంది. ఖర్జూరం చెట్లు దాటి ఇసుకలో అడుగు పెట్టాడో లేదో—

టప్.

భూమయ్య ఆగాడు.

టప్… టప్… ఎండిన మట్టతో మెత్తటిదేన్నో బాదుతున్నట్టు.

"చెప్పురా! ఎక్కడ అమ్మినవ్?" బొంగురు గొంతు.

"నేను గాదు సార్… నా పిల్లల మీద ఒట్టు సార్…" ఇంకొక గొంతు. సన్నగా, కిందనుంచి.

భూమయ్యకు భయం వేసింది, వెయ్యలేదని చెబితే అబద్ధం. కానీ ఆ భయం వెనకనే ఇంకొకటి వచ్చింది. సముద్రం ఇవతల కూడా కొడుతున్నారా? చచ్చినవాణ్ని కూడా వదలరా?

"ఎవడ్రా అది!" అని అరుస్తూ పార ఎత్తి పరుగెత్తాడు.

చెట్టు మొదట్లో ఒక ఆకారం వంగి ఉంది. చేతిలో ఖర్జూరం మట్ట. పార మీద పడబోతుంటే అది రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది. భూమయ్య ఫోన్ లైటు వేశాడు.

సంజీవ్.

ఒక్కడే. చెట్టుకు తన అంగీ చుట్టి దాన్ని బాదుతున్నాడు. బొంగురు గొంతూ అతనిదే, సన్న గొంతూ అతనిదే. ముఖమంతా కన్నీళ్లు.

"భూమన్నా…" అన్నాడు. "నేను మీ దిక్కు స్టేషన్ల హోంగార్డును. ఆ రాత్రి… తలుపుకాడ నిలబడ్డది నేనే."

భూమయ్య పార పక్కన పారేశాడు.

"పెద్దాఫీసుకు పోయి చెప్పిన అన్నా. రాసుకోలే. ఇంకో ఆఫీసుకు పోయిన. నీకెందుకురా అన్నరు. పేపరోళ్లకు చెప్త అన్న. తెల్లారి డ్యూటీలకెల్లి తీసేసిన్రు." ఊపిరి పీల్చుకున్నాడు. "మల్లేశం నీ పేరు వట్టుకొని ఏడ్సిండు. మా అన్న బర్కాల ఉంటడు, మా అన్నకు ఫోన్ చెయ్యున్రి అని. వీసా ఏజెంటు ఏడికి పోతవంటే బర్కా అన్న. నీకు చెప్పుదామనే వచ్చిన. నిన్ను జూస్తే నోరు రాలే. అందుకే రోజు ఈ చెట్టుకు చెప్పుడు మొదలువెడ్త… మల్లేశం నీళ్లడిగినకాడికి వచ్చేసరికి ఆగిపోత."

దెయ్యం అదీ! ఏ ఆఫీసూ రాసుకోని మాట. వినే మనిషి దొరక్క చెట్టుకు చెప్పుకుంటోంది.

భూమయ్య అతని గొంతు పట్టుకున్నాడు. "తలుపుకాడ నిలబడ్డవా? నిలబడి జూసినవా నా తమ్ముణ్ని?"

సంజీవ్ వదిలించుకోలేదు. చెయ్యి పైకి చాపి నాలుగు జమ్మి ఆకులు తెంపాడు. దసరానాడు చిన్నవాడు పెద్దవాడికి పెట్టినట్టు, రెండు చేతులతో పట్టుకుని, కాళ్ల మీదికి వంగాడు.

మల్లేశం కూడా అలాగే వంగేవాడు.

భూమయ్య ఆకు తీసుకోలేదు. "దసరా గాదు ఇది," అన్నాడు పళ్లు బిగించి. "నీ దండం నాకొద్దు. నాకు నీ నోరు గావాలె. చెట్టుకు చెప్పింది దీంట్ల చెప్పు." ఫోన్ రికార్డింగ్ పెట్టి ముందు పెట్టాడు.

ఈసారి సంజీవ్ గొంతులు మార్చలేదు. ఎవరినీ బాదలేదు. కూర్చుని, ఎవరెవరు ఉన్నారో, ఎవరు కాళ్లు పట్టుకున్నారో, ఎవరు లాఠీ తీశారో చివరిదాకా చెప్పాడు. నీళ్ల దగ్గర ఆగాడు… కళ్లు మూసుకున్నాడు… దాటేశాడు.

తెల్లారి సమీయుల్లా కొట్టు వెనక గదిలో ముగ్గురూ కూర్చుని విన్నారు.

ఫోన్‌లో సంజీవ్ మాట: "నీళ్లడిగిండు. నేను చెంబు తీస్కపోతుంటే సార్ వద్దన్నడు."

ఆ తర్వాత కాస్త ఖాళీ. ఆ ఖాళీలో—

"అన్నా… జర నీళ్లు…"

సంజీవ్ గోడకు ఆనుకుపోయాడు. "ఆ మాట నేను అనలే," అన్నాడు గుసగుసగా. "భూమన్నా, నువ్వు నా ముంగట్నే ఉన్నవు గదా. నేను అనలే."

భూమయ్యకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. తోడబుట్టిన వాడి గొంతు అది.

రికార్డింగును పై ఆఫీసులన్నిటికీ పంపారు. యథాప్రకారం ఒక్కరూ పలకలేదు. అప్పుడు ఊరికి పంపారు. సాయంత్రానికి మండలంలో అది లేని ఫోన్ లేదు. ఊరు మళ్లీ స్టేషన్ ముందు కూర్చుంది.

ఆ రాత్రి భూమయ్య ఫోన్ మోగింది. ఊరి నెంబరు.

"నువ్వేనారా భూమయ్యవి?" సీఐ. బొంగురు గొంతు. "ఆ హోంగార్డు సంగతి తర్వాత చూస్త. నీళ్లడిగిన రెండోవాడు ఎవడు? ఎవణ్ని పెట్టి ఆడిస్తున్నవ్ నాటకం? పేరు చెప్పు."

"మల్లేశం, సార్."

"వేషాలెయ్యకు! వాణ్ని తెచ్చి నా ముందర నిలబెట్టు. లేకుంటే దొంగ సాక్ష్యం కింద ఇంటిల్లిపాదినీ లోపలేస్త."

భూమయ్య ఇన్నాళ్లు మింగిన కోపమంతా నిదానంగా బయటికి వచ్చింది.

"నేనేడికెల్లి తేవాలె సార్? ఇంట్లకెల్లి తీస్కపోయింది మీరు. నడుసుకుంట వచ్చినోణ్ని మళ్ల మాకియ్యలే. మీకాడ్నే ఉండాలె… జర ఎన్కకు తిరిగి చూడున్రి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు… ఊపిరి…

ఆ తర్వాత, ఫోన్‌కు దూరంగా, సన్నగా—

"జర నీళ్లు…"

"ఎవర్రా అది!" సీఐ కేక. "లాకప్‌ల ఎవడున్నడ్రా?"

"ఎవ్వరు లేరు సార్…" ఎవరో కానిస్టేబుల్. ఏడుపు ఒక్కటే తక్కువ. "తాళం ఏసే ఉన్నది సార్… ఖాళీ సార్…"

ఆనాటి నుంచి బర్కా జమ్మిచెట్టు కింద ఏ చప్పుడూ లేదు. బంగ్లాదేశ్ అతను కూడా ధైర్యంగా నీళ్లకు పోతున్నాడు.

ఆ రాత్రి మాత్రం సీఐ ఫోన్ ఎక్కడ పడేశాడో, లైను కట్ కాలేదు. భూమయ్య కూడా కట్ చెయ్యలేదు. తమ్ముడు మాట్లాడుతుంటే ఎలా పెట్టేస్తాడు?